పూలజడా? ముడా?

1912లో ఉక్కు తయారీ మొదలైన జంషెడ్‌పూర్‌కు పనికోసం వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలెన్నో. అక్కడి పెళ్లికూతురి ముందు రెండు దారులు: మేలిముసుగు నిలిచే ఉత్తరాది ముడి, లేదా అమ్మమ్మ అడిగే పూలజడ. ఏది ఎంచుకున్నా జీలకర్ర-బెల్లం పెట్టే నడినెత్తి ఖాళీగా ఉండాలి. ముడైతే మెడ దగ్గరికి దించాలి. బాసికం దారం జారకూడదు. జుట్టు పల్చనైతే నిండు పూలజడ బరువు కుదుళ్లను లాగి, మంగళసూత్రం వేళకే తలనొప్పి తెస్తుంది. తేలికపాటి సవరం, దానిపై నాలుగు వరసల మల్లెలు చాలు. కోలముఖమైతే చెవుల పక్కన కాస్త వదులుగా దువ్వాలి. ముహూర్తానికి వారం ముందే ఒకసారి వేయించుకుని, గంటసేపు కూర్చుని చూడటం మేలు. ఫొటో క్షణం పని. పీటల మీద గంటల తరబడి కూర్చోవాల్సింది వధువే.