యంత్రము చదివిన చిత్రము

వయసు మీరినకొలది మూత్రము సరిగా రాకున్న, అది వృద్ధాప్యధర్మమని యూరకుండుట మన పురుషులకు పరిపాటి. భార్యతో చెప్పరు, కుమారునితో చెప్పరు. ఆ బాధలలో నధికభాగము ప్రోస్టేటు గ్రంథి పెరుగుటవలననే కలుగునది, క్యాన్సరు కాదు. క్యాన్సరో, తొలిదశలో తరచు నేలక్షణమును చూపదు. కొందరి విషయమున వైద్యుని యొద్దకు పోవునప్పటికే వ్యాధి యెముకలకు ప్రాకియుండును.

రక్తమునందలి పి.యస్.ఏ. పరిమాణమును చూచి శంకించు పద్ధతి దశాబ్దములుగా నున్నది. కాని క్యాన్సరు లేకున్నను గ్రంథి పెరిగినను, వాచినను ఆ పరిమాణము హెచ్చును. అందుచే నవసరము లేనివారు సైతము సూదిపోట్లకు గురియగుచు వచ్చిరి. ముందుగా ఎం.ఆర్.ఐ. చిత్రము తీసినచో నాల్గింట నొకవంతుకు మించినవారు బయాప్సీని తప్పించుకొనగలరని, బ్రిటనులో 576 మందిపై జరిగి 2017లో ప్రకటితమైన ప్రోమిస్ పరిశోధన తెలిపెను. అయితే చిత్రమును చదువ నేర్పరి కావలెను. ఒకే చిత్రమును ఇద్దరు రెండు విధములుగ చదువుటయు కలదు.

ఇచ్చటనే కృత్రిమ మేధ ప్రవేశించినది. నెదర్లాండ్సులోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రము సారథ్యమున జరిగి, 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వెలువడిన పరిశోధనయందు, 20 దేశముల 62 మంది రేడియాలజిస్టులకును యంత్రమునకును 400 మంది చిత్రములపై పోటీ పెట్టిరి. వైద్యులు పట్టినంత వ్యాధిని పట్టుచునే యంత్రము అనవసర శంకలను సగమునకు తగ్గించెను. ఇది సామాన్యవిషయము కాదు. కాని రోగి పూర్వచరిత్రను చేత నుంచుకొని, కలిసి యాలోచించు ఆసుపత్రి వైద్యులతో పోల్చినపుడు యంత్రము వెనుకపడదని ఆ పరిశోధనయే నిర్ధారింపజాలలేదు. పత్రికలు పెద్దయక్షరములతో నచ్చొత్తునది మొదటి మాటనే!

ఆ చిత్రములు నెదర్లాండ్సు, నార్వే ఆసుపత్రులవి. మనవారి దేహములపైనను, మన ఆసుపత్రుల పరికరములపైనను అది యట్లే పనిచేయునని పరీక్షింపకయే యెట్లు నమ్ముదుము? ఎం.ఆర్.ఐ. తీయు సాధనమే లేని చోటికి దానిని చదువు యంత్రము తెచ్చి ప్రయోజనమేమి? శాస్త్రమును తిరస్కరింపుడని మేము చెప్పుట లేదు. తెలుగు ప్రభుత్వములు ఇట్టి యంత్రమును కొనదలచినచో, ముందు హైదరాబాదు, విశాఖపట్టణములందలి ప్రభుత్వాసుపత్రులలో మన రోగుల చిత్రములపై, వారి యనుమతితో, పరీక్షించి ఫలితములను ప్రకటింపవలెను. యంత్రము చెప్పినదానికి బాధ్యుడై నివేదికపై సంతకము చేయు వైద్యుడెవరో రోగికి తెలియవలెను. ఒప్పందపత్రము వ్రాయు నధికారులు ఈ రెండు షరతులను మొదటి పుటయందే చేర్తురని యాశించుచున్నాము.