మందను కాచినోడే వీరుడు

నల్లమాడ బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని నేను. పెద్ద తరగతుల మగపిల్లల ఫోన్లలో ఈమధ్య అంతా జపాన్ యోధులైన సమురాయ్‌ల మాటలే. మాట తప్పకూడదు, పరువు పోతే బతక్కూడదు, చావుకు జంకకూడదు. మాట మీద నిలబడటం మంచిదే. కానీ ఆ నీతి ఎప్పుడు రాశారో కూడా చూడమంటాను.

1615 తర్వాత జపాన్‌లో చాలాకాలం పెద్ద యుద్ధాల్లేవు. చావే యోధుడి దారి అన్న ‘హగకురే’ పుస్తకం పుట్టింది ఆ శాంతికాలంలోనే, 18వ శతాబ్దం మొదట్లో. అందులోని మాటలు చెప్పిన యమమోటో త్సునెతోమో యుద్ధరంగం చూసినవాడు కాదు. సమురాయ్‌లు కత్తి కట్టకూడదని 1876లో చట్టం చేశారు. ప్రపంచమంతా చదివిన నితోబే ఇనాజో పుస్తకం ‘బుషిదో’ ఆ తర్వాత 1900లో అమెరికాలో, ఇంగ్లీషులో అచ్చయింది.

ఆ నీతి కాగితం మీదిది; మన రాయలసీమలో వీరుడి కథ రాతి మీదుంది. 9, 10 శతాబ్దాల్లో బాణులు, వైదుంబులు అనే రాజవంశాలు యుద్ధాలు చేసిన నేల ఇది. వాటిలో ఒకటైన సోరెమడి యుద్ధంలో పడినవాళ్లకు నిలిపిన వీరగల్లులు, అంటే వీరుల రాళ్లు, నేటికీ ఉన్నాయి. ఇంకా ఎన్నో రాళ్లు ఆవుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాళ్లవి. ఒక రాయిని దగ్గరగా చూడండి: కింది వరసలో కత్తి దూసిన మనిషి, పక్కన ఆవులు. మధ్యలో అతన్ని పైకి తీసుకుపోయే అప్సరసలు. పై వరసలో శివలింగం ముందు కూర్చున్నది ఆ మనిషే. వానలు మొహం చాటేసే ఈ గడ్డ మీద మంద పోతే ఊరే పోయినట్టు. అందుకే ఊరు అతనికి రాయి నిలిపి మొక్కింది.

పరువు పేరుతో తరాల తరబడి పగలు పెంచి, వేటకొడవళ్లతో పక్కింటోణ్ణి నరికిన ముఠా కక్షలకు ఈ వీరంతో పొత్తు లేదు. అవి ఈ సీమకు మిగిల్చింది విధవరాళ్లను, బీడు పడిన చేలను. సినిమాలు ఆ కక్షల్నే పౌరుషమన్నాయి. నేను ఒప్పుకోను. ఎవరి కోసం నిలబడ్డాడన్నదే వీరుడికి కొలత.

ఆ వీరగల్లులిప్పుడు పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద పడున్నాయి. కొన్ని బట్టలుతికే బండలయ్యాయి. మీ ఊళ్లో ఉంటే పిల్లల్ని తీసుకుపోయి చూపించండి, ఫోటో తీసి పురావస్తు శాఖకు పంపండి. రోడ్డు పనికి పగలగొట్టేదాకా ఆగొద్దు.