నాలుగు చింతపిక్కలు, ఒక ఒప్పందం

మే నెల మధ్యాహ్నవేళ రాయపూర్ వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. ఎండ 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో కిటికీ తలుపులు మూసి, కూలరు వేసుకుని, కుటుంబమంతా ఒకే గదిలో చేరుతుంది. విజయనగరం వైపునుంచి వచ్చిన నాయనమ్మ ఒక మూల కూర్చుంటుంది. హిందీలో వాదులాడుకునే మనుమలు మరొక మూల చేరుతారు. పొద్దు గడవక పిల్లలు లూడో పెట్టె తీస్తారు. పటం ఉంటుంది, కాయలూ ఉంటాయి. పాచిక మాత్రం ఉండదు.

ఇటువంటి ఇల్లు ఆ నగరంలో ఒక్కటే ఉంటుందనుకోనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి ఉద్యోగాలకూ వర్తకానికీ వచ్చిన తెలుగు కుటుంబాలు రాయపూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం, రాయపూర్‌ల నడుమ రైలుమార్గం పూర్తికావడంతో ఆ రాకపోకలు మరింత సులువైనాయి. అక్కడ పుట్టిన పిల్లలకు బడిలోనూ వీధిలోనూ హిందీయే. తెలుగు అర్థమవుతుంది గాని, నోట పలకడానికి సందర్భం ఉండదు. అవ్వకూ మనుమడికీ నడుమ మాటలు కరవైన ఆ గదిలో, పాచిక పోవడం ఒక విధంగా అదృష్టమే.

ఎందుకంటే, అప్పుడే నాయనమ్మకు పని పడుతుంది. వంటింట్లో చింతపండు జాడీ అడుగున నాలుగు పిక్కలు ఏరితే చాలు. ఒక్కొక్క పిక్కను గచ్చుమీద ఒకవైపు రుద్ది, నల్లని పొట్టు పోయి తెలుపు కనబడేవరకు అరగదీయాలి. నేలమీద సుద్దముక్కతో అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం 25 గళ్ళు గీయాలి. నడిమి గడికీ, నాలుగు వైపులా మధ్యనున్న గళ్ళకూ ఇంటూ గుర్తు పెడితే అష్టాచెమ్మా పటం సిద్ధమైనట్లే. వెలుపలి వరుసలో 16 గళ్ళు, లోపలి వరుసలో 8, నడుమ పండే ఇల్లు ఒకటి. కాయలకు గాజుముక్కలు, బొత్తాలు, కందిగింజలు, ఏవైనా సరిపోతాయి. ఒక్కొక్కరివి ఒక్కొక్క రకంగా ఉంటే చాలు.

వేసిన నాలుగు పిక్కల్లో ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ లెక్కలో పెద్దలు వాడుకగా పాటించే ఒక నేర్పు దాగి ఉంది. పాచికకు ఆరు ముఖాలు. ఏ అంకెకైనా అవకాశం సమానం. పిక్కల సంగతి వేరు. నలుపు, తెలుపు సమానంగా పడతాయనుకుంటే నాలుగు పిక్కలు పడే తీరులు 16. వాటిలో రెండు వచ్చేవి 6. ఒకటి వచ్చేవి 4. మూడు వచ్చేవి 4. చెమ్మకు ఒక్కటి, అష్టకు ఒక్కటి. అరుదైన దానికే పెద్ద బహుమానం. అష్ట పడగానే గది అంతా కేక వేయడానికి కారణం ఇదే.

అయితే చేతితో అరగదీసిన పిక్క అంత న్యాయంగా పడుతుందన్న హామీ లేదు. ఆట మొదలు పెట్టేముందు ప్రతి పిక్కనూ 50 సార్లు వేసి, ఎన్నిసార్లు తెల్లగా పడిందో పిల్లలచేత గీతలు గీయించాలి. మరీ ఒక పక్షానికే మొగ్గే పిక్కను మార్చివేయాలి. గింజ తీసిన చింతపండే కొనే ఇళ్ళలో నాలుగు రూపాయి నాణాలు ఈ పని చేస్తాయి. లూడోయే ఆడాలని పట్టుబట్టే పిల్లవాడికి ఆరు పలకల పెన్సిలు ఇచ్చి, పలకకొక అంకె వ్రాసి దొర్లించమంటే సరి. ఆరు చీటీలు అగ్గిపెట్టెలో వేసి తీయవచ్చు. తీసిన చీటీని మరల లోపల వేయడం మరువరాదు.

ఇది పేదవాడి సర్దుబాటు కాదు. పాచికల మూలమే అడవిలో ఉంది. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తంలో జూదరి చేతిలో ఉన్నవి దంతపు పాచికలు కావు, తాండ్రకాయలు. త్రిఫలాలలో ఒకటైన ఆ కాయను బహెడా అన్న పేరుతో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో నేటికీ ఏరుతున్నారు. ఘనాకారపు పాచికలు హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో దొరికాయి. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడో సైతం మన పచ్చీసుకు రూపాంతరమే. ఇంటిలో పుట్టినది అంగడికి వెళ్ళి, రంగు పెట్టెలో తిరిగి వచ్చింది.

జూదం మాట వచ్చింది గనుక ఒక సందేహం కలగవచ్చు. పాచిక కొంపలు కూల్చిన కథలు మనకు తక్కువా? భారతంలో పందెం ఒడ్డినవాడు దుర్యోధనుడు. పాచిక వేసిన చెయ్యి శకునిది. ఆట మొదటనే ఆ ఏర్పాటును ధర్మరాజు తప్పుపట్టాడు, అయినా కూర్చున్నాడు. ఇంటి ఆటకు ఇందులో గొప్ప పాఠం ఉంది. మొదటి పందెం పడకముందే నియమాలన్నీ అందరూ ఒప్పుకోవాలి. పిక్క చాపదాటి పడితే లెక్కకు వస్తుందా? అష్ట పడితే మరొక పందెం ఉందా? ఒక్క కాయనైనా చంపకుండా లోపలి వరుసకు వెళ్ళవచ్చునా? ఒక్కొక్క ఊరిది ఒక్కొక్క ఆచారం. అచ్చువేసిన నియమాల కాగితం లేదు గనుక, తీర్పు చెప్పవలసినది ఆ చాపమీద కూర్చున్నవారే. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లకూ, డెబ్బయ్యేళ్ళ అవ్వకూ చెరొక మాట. డబ్బు ఒడ్డరాదన్నది మాత్రం చర్చకు రానక్కరలేదు.

ఆట అలవాటైన పిల్లలు కొత్తవి కల్పించడం మొదలుపెడతారు, వారిని ఆపరాదు. రెండు పాచికలుంటే, 2 మొదలు 12 వరకు అంకెలు వేసిన పదకొండు సీసామూతలను గుర్రాలుగా నిలబెట్టి, పాచికల మొత్తం ఎంతైతే ఆ గుర్రాన్ని ఒక గడి నడపమనండి. ఏడవ గుర్రమే తరచుగా గెలుస్తుంది. 36 తీరుల్లో 6 దానివే. రెండుకూ పన్నెండుకూ ఒక్కొక్కటే. పిల్లలు మొదట ఏడు కోసం పోట్లాడతారు. పిమ్మట, ఏడుకు దారి పొడుగు చేయాలని వారే అంటారు. ఎంత పొడుగు చేస్తే పందెం సమమవుతుందో ఆడి, దిద్ది, మరల ఆడి తేల్చుకోవలసిందే. అన్యాయాన్ని గుర్తించి, ఓడినవాడు అలగకముందే దారి సరిచేయడం ఏ వయసులో నేర్చినా ఉపకరించే విద్య.

ఎండ తగ్గేసరికి రాయపూర్‌లోని ఆ గదిలో ఒక మార్పు కనబడుతుంది. మనుమడు పిక్కలు దోసిట్లో గలగలలాడించి విసిరి, నాలుగూ నల్లగా పడగానే "అష్ట!" అని అరుస్తాడు. "ఇంకో పందెం వెయ్యి నాయనా," అంటుంది నాయనమ్మ. ఆ మాటను అతనికి ఎవరూ హిందీలో చెప్పనక్కరలేదు. మరునాడు ఇల్లు ఊడ్చేటప్పుడు అలమర కింద పాచిక దొరకవచ్చు. దానిని పెట్టెలో వేసి ఉంచండి. పిక్కలను మాత్రం పారవేయకండి.