తూటాలే డబ్బైన చోట

సంపాదకుల వారికి,

యాక్షన్ వీడియో గేములు పిల్లల్ని నవలలకు దూరం చేస్తున్నాయంటూ గతవారం మీరు వేసిన లేఖతో నేను ఏకీభవించను. దిమిత్రి గ్లుఖోవ్‌స్కీ రష్యన్ సైన్స్ ఫిక్షన్ నవల ‘మెట్రో 2033’నే తీసుకోండి. అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే మనుషుల కథ అది. 2010లో గేముగా వచ్చింది. అందులో మేలిరకం తూటాలే డబ్బు. పేలిస్తే చేతిలో సొమ్ము పోయినట్టే. విషగాలి నుంచి కాపాడే ముసుగు అద్దం పగులుతుంది, ఫిల్టర్ అయిపోవస్తుంటే ఊపిరి బరువెక్కుతుంది. కాల్చాలా, చీకట్లో తప్పుకుపోవాలా అని ఆడేవాడు ఆలోచించాల్సిందే. గాలి విలువేమిటో బొగ్గుబాయిలున్న మన ప్రాంతానికి వేరే చెప్పాలా?

కాల్చడం తప్ప ఇంకేమీ లేని గేములు బోలెడున్నాయి, నిజమే. పేజీలు నింపే నవలలూ ఉన్నాయి. వాటిని చూసి నవలనే తప్పుపట్టం కదా. ఇక సైన్స్ ఫిక్షన్ మన నేలకు అతకదన్న మాటా సరికాదు. 2015లో హ్యూగో అవార్డు పొందిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ రచయిత లియూ సిషిన్, చైనా బొగ్గుసీమ షాన్షీలో విద్యుత్ కేంద్రం ఇంజినీరుగా పనిచేసినవాడే. ఆ నవల 2006లో మొదట పత్రికలోనే ధారావాహికగా వచ్చింది. మనకూ మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రం ఉంది. అలాంటి కేంద్రం కంట్రోల్ రూములో పుట్టే తెలుగు నవలకు మీ పత్రిక చోటివ్వాలని నా కోరిక.

— ఒక పాఠకుడు, మంచిర్యాల