కనికరానికి బండి కూడా కావాలి

2022 ఏప్రిల్ చివరి వారంలో తిరుపతి రుయా ఆసుపత్రిలో పదేళ్ల బాలుడు చనిపోయాడు. తండ్రిది చిట్వేలు ప్రాంతం, కూలి పని చేసుకునే మనిషి. బిడ్డను ఇంటికి చేర్చాలంటే దాదాపు 90 కిలోమీటర్లు పోవాలి. ఆసుపత్రి దగ్గరుండే ప్రైవేటు అంబులెన్సు డ్రైవర్లు 20,000 రూపాయల దాకా అడిగారు. తెలిసినవాళ్లు తక్కువ బాడుగకు బయటి నుంచి మాట్లాడి పంపిన బండిని అడ్డుకున్నారు. చివరికి ఆ తండ్రి కొడుకు శవాన్ని భుజాన వేసుకుని, మోటారు సైకిలు మీద ఊరికి బయలుదేరాడు.

ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. డ్రైవర్ల మీద కేసులు పెట్టారు, ఆసుపత్రి అధికారి మీద చర్య తీసుకున్నారు. ఏళ్లు గడిచిన సంగతిని మళ్లీ ఎత్తడం ఎవరినో నిందించాలని కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కనికరం ఏ చోట తెగిపోతుందో ఆ రాత్రి మనకు స్పష్టంగా చూపించింది. ఆ బాలుడికి మంచం దొరికింది, వైద్యం జరిగింది. ప్రాణం పోయిన తరువాత, వార్డు గుమ్మానికీ ఇంటి గుమ్మానికీ మధ్య, ఆ తండ్రికి దిక్కు లేకపోయింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయినవారిని ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు అప్పటికే రాష్ట్రంలో ఉన్నాయి. అవసరమైన గడియలో అవసరమైన మనిషికి ఆ బండి అందలేదు, అంతే.

పెద్దాసుపత్రి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా సిబ్బంది మాట తీరు దగ్గర ఆగిపోతాం. "సిస్టర్ కసురుకుంది", "డాక్టరు తలెత్తి చూడలేదు" అంటాం. ఆ బాధ నిజమే. కానీ రాత్రి డ్యూటీలో వార్డంతా ఒంటరిగా చూసుకునే స్టాఫ్ నర్సుకు నవ్వుతూ మాట్లాడమని చెప్పినంత మాత్రాన కనికరం పుట్టదు. స్ట్రెచర్ తోసే మనిషి లేనప్పుడు, ఎక్స్‌రే గది ఎక్కడో చెప్పే బల్ల లేనప్పుడు, ఆ కోపం, ఆ విసుగు అన్నీ ఆమె మీదికే వస్తాయి.

2021 మే 10 రాత్రి రుయాలో జరిగింది గుర్తు చేసుకోండి. ఆక్సిజన్ సరఫరాలో పీడనం పడిపోయి, అధికారుల లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. కళ్లముందే అయినవాళ్లు పోతుంటే కొందరు బంధువులు ఆగ్రహం పట్టలేకపోయారు. ప్రాణాలు కాపాడాలని పరుగెత్తిన నర్సులు, డాక్టర్లే వారికి ఎదురుగా కనిపించారు. ఏర్పాటు విఫలమైనప్పుడు రోగి, నర్సు ఇద్దరూ గాయపడతారన్నది ఆ రాత్రి చెప్పిన పాఠం.

మంచి సమరయుని ఉపమానాన్ని ఈ వెలుగులో మరోసారి చదవాలని మనవి. అతను జాలిపడ్డాడని మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ జాలి ఏయే పనులుగా మారిందో లెక్కపెట్టి చూడండి. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆ రాత్రి చూసుకున్నాడు. మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. మందు, బండి, మంచం, డబ్బు, మళ్లీ వస్తానన్న మాట. ఈ ఐదింటిలో బండి ఒక్కటి లేకపోయినా ఆ మనిషి దారి పక్కనే చనిపోయేవాడు. కనికరానికి మనసుతో పాటు బండి కూడా కావాలి.

మన ప్రాంతపు క్రైస్తవ పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టంతో, మగ డాక్టరు తాకకూడదన్న ఆచారం వల్ల, వైద్యం అందక చనిపోవడం ఐడా స్కడర్ గారి జీవితాన్నే మార్చింది. ఆమె కన్నీటితో ఆగలేదు. చదివి డాక్టరై, 1900లో వేలూరులో పని మొదలుపెట్టారు. తరువాత పల్లె దారుల వెంట బండి మీద వెళ్లి, చెట్ల కింద రోగులను చూశారు. మన చిత్తూరు వాళ్లు ఈనాటికీ "రాయవేలూరు ఆసుపత్రి" అని నమ్మకంగా చెప్పుకునేది ఆ మొదలు నుంచి పెరిగిందే. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు మిషనులన్నీ కలిసి శానిటోరియం కట్టినప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, విశ్రాంతి, దగ్గరుండి చేసే సేవ, ఇవే అక్కడి చికిత్స. మందు లేని కాలంలో కూడా మనిషిని వదిలేయకుండా చూసుకోవచ్చని వాళ్లు చూపించారు.

ఇది మనం గర్వపడి ఊరుకునే విషయం కాదు. తిరుపతిలో ఈనాడు పేదలకు పెద్ద వైద్యం అందించే స్విమ్స్, కాళ్లూ చేతులూ చచ్చుబడినవారికి శస్త్రచికిత్సలు చేసే బర్డ్, రెండూ తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పినవే. ఆ మేలును మనం మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఉపమానంలో సహాయం చేసినవాడు కూడా వినేవాళ్ల మతానికి చెందినవాడు కాడు. ఆలయ సేవకులైన యాజకుడు, లేవీయుడు పక్కగా వెళ్లిపోయారు. ప్రభువు ఆ కథను మనలాంటి భక్తిపరులకే చెప్పాడు.

మరి ఏం చేయాలి? ప్రభుత్వాన్ని అడగవలసినవి అడగాలి. శవాలను చేర్చే ఉచిత వాహనం ఫోను నంబరు ప్రతి వార్డు గోడ మీద తెలుగులోనూ, సరిహద్దు నుంచి వచ్చేవారి కోసం తమిళంలోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి. ప్రైవేటు బండ్ల బాడుగ రేట్లు గేటు దగ్గర రాసిపెట్టాలి. రాత్రంతా సహాయ కేంద్రంలో మనిషి ఉండాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, తన జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు. కాన్పు సమయంలో తల్లికి తోడుగా ఒకరిని ఉండనివ్వాలని 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ లక్ష్య కార్యక్రమం చెబుతుంది. ఇవి దయతో ఇచ్చే రాయితీలు కావు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల ముందు వీటిని మర్యాదగా, విడవకుండా అడగాలి. అలాగే నర్సుల ఖాళీలు నింపమని కూడా అడగాలి.

సంఘాలుగా మనం చేయగలిగినవి వేరే ఉన్నాయి. క్రిస్మస్‌కు వార్డులో రొట్టెలు, పళ్లు పంచి ఫొటో దిగి రావడం మనకు అలవాటు. ఆ రోగి మరునాడు కూడా అక్కడే ఉంటాడు. తోడు ఎవరూ లేని ముసలివాళ్లు, పల్లె నుంచి ఒంటరిగా వచ్చినవాళ్లు ప్రతి పెద్దాసుపత్రిలో ఉంటారు. సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని, వారానికి ఒక రాత్రి ఇద్దరు విశ్వాసులు తోడుగా కూర్చునే వంతు ఒక్కో సంఘం తీసుకోవచ్చు. ఓ.పి. చీటీ రాయించడం, స్కానింగ్ గదికి చేయి పట్టి తీసుకెళ్లడం, మందులు తెచ్చివ్వడం, ఇంటికి ఫోను చేసి చెప్పడం, ఇంతే పని. చేతిలో కరపత్రం వద్దు. అడిగితే ప్రార్థన చేయండి, అడగకపోతే నీళ్లు ఇవ్వండి. నిస్సహాయుడి మంచం పక్కన మన సాక్ష్యం ఓపికే.

ప్రతి నెలా కానుకల్లో కొంత భాగం బండి బాడుగ కోసం పక్కన పెట్టండి. అర్ధరాత్రి ఫోను చేస్తే పలికే ఒక నంబరు మీ పాస్టరు గారి దగ్గర ఉండనివ్వండి. మీ సంఘంలో ప్రభుత్వ ఆసుపత్రి నర్సులు ఉంటే, ఆదివారం ఆరాధనకు రాలేదని వాళ్లను నిష్ఠూరమాడకండి. వాళ్లు ఆ సమయంలో ఎవరి గాయానికో కట్టు కడుతూ ఉంటారు. డ్యూటీ దిగి వచ్చినప్పుడు వాళ్ల అలసటను వినండి.

ఆ తండ్రి 90 కిలోమీటర్ల దారిలో ఎన్ని ఊళ్లు దాటి ఉంటాడో, వాటిలో ఎన్ని ప్రార్థనా మందిరాలు ఉండి ఉంటాయో ఆలోచిస్తే మాకు సిగ్గు కలుగుతుంది. వాటిలో ఒక్కదానికైనా ఫోను చేయవచ్చని అతనికి తెలియదు. ఇకమీదట అలాంటి తండ్రికి తెలిసేలా చేయడం మన పని.