అంతా టెన్షన్ వల్లేనా?

ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే పరామర్శకు వెళ్ళినవాళ్ళ నోట మొదట వచ్చే మాట ‘అంతా టెన్షనండీ’. కూతురి పెళ్ళి టెన్షన్, అప్పుల టెన్షన్, ఆఫీసులో టెన్షన్. ఆ మనిషికి పదేళ్ళుగా షుగరుందనీ, రోజుకో పెట్టె సిగరెట్లు ఊదేవాడనీ, ‘అలవాటైపోతుంద’ని బీపీ మాత్ర మధ్యలో మానేశాడనీ అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అనడం మర్యాద కాదు గదా! ఈ మర్యాదే మన కొంప ముంచుతోంది.

ఒత్తిడికీ గుండెకూ సంబంధం లేదని నేననను. కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ నేతృత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయింది. మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ పోల్చి చూస్తే మగవాళ్ళలో 90 శాతం, ఆడవాళ్ళలో 94 శాతం ముప్పు తొమ్మిది కారణాల లెక్కలోకే వచ్చింది. మానసిక ఒత్తిడి ఆ తొమ్మిదింట్లో ఒకటి, నిజమే. కానీ పొగాకు, రక్తంలో కొవ్వుల తేడా, ఈ రెండింటి వాటానే మూడింట రెండు వంతులు. మన పరామర్శల్లో మాత్రం తొమ్మిదింట్లో టెన్షనొక్కటే మిగిలింది. దానికైతే ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు, దేన్నీ మానెయ్యక్కర్లేదు!

జబ్బు ఎంత ముదిరిందో చూస్తే ఈ వాదన ఇంకా తేలిపోతుంది. యాంజియోగ్రామ్ తెర మీద కొందరికి రక్తనాళం ఒక్కచోటే నొక్కుకుపోయి, మిగతాదంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేనివాళ్ళది తరచూ అలా ఉండదు. మూడు నాళాల్లోనూ పొడుగునా పూడిక, కొసలు దారప్పోగుల్లా ఉంటాయి. స్టెంటు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తేలదు. బైపాస్ చేద్దామంటే కుట్టు వెయ్యడానికి మంచి చోటు దొరకదు. పైగా షుగరు నరాల్ని దెబ్బతీయడంతో కొందరికి ఛాతీనొప్పే తెలియదు. ఆయాసమనో, అజీర్ణమనో ఊరుకుంటారు. ఇంత పూడిక కిందటి నెల పెళ్ళిపనులు పెట్టాయా? ఉన్న పూడిక ఒక దుర్దినాన పగలడానికి ఒత్తిడి కారణం కావచ్చు. అది పేరుకోవడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెల్ని కోసి చూసి 1953లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్ళ సగటు వయసు 22. నూటికి 77 మందిలో గుండె ధమనుల జబ్బు ఆనవాళ్ళు అప్పటికే ఉన్నాయి. యుద్ధం టెన్షనని అంటారేమో. రాత్రికి రాత్రి గట్టిపడ్డ కొవ్వు కాదది.

పల్లెటూళ్ళలో టెన్షనుండదు కాబట్టి గుండెజబ్బులూ ఉండవన్నది ఇంకో భ్రమ. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఇక ‘మా వంశంలోనే ఉందండీ’ అనేవాళ్ళు మరింత ముందుగా పరీక్షలు చేయించుకోవాలి కదా? వాళ్ళే అందరికన్నా ధీమాగా ఉంటారు.

ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగరు పరీక్షలు ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రంలోనే ఉచితంగా చేస్తారు. టెన్షన్ సంగతి తరవాత మాట్లాడుకుందాం, ముందు వెళ్ళి ఆ పరీక్షలు చేయించుకోండి. చేతిలో సిగరెట్టుంటే బయటే పారేసి వెళ్ళండి.