కారుకు కూడా జాతకం వుంది

పిల్లలూ! హిందూపురం చింతపండు మీకు తెలిసిందే. ఆ చింతపండుతో మీ అమ్మ పులుసు పెడుతుంది. ఐతే వెనకటి రోజుల్లో పులుసు ఎలాంటి గిన్నెలో కాచేవారో మీ అవ్వను అడిగి చూడండి.

ఇత్తడి గిన్నెకు లోపల కళాయి పోతే మా అవ్వ అందులో పులుసు పెట్టనిచ్చేది కాదు. ఎందుకంటే చింతపండులో ఆమ్లం వుంటుంది. అది ఇత్తడిలోని రాగిని తినేస్తుంది. ఆ పులుసు తింటే వాంతులు పట్టుకుంటాయి. లోపల తగరంతో పూత పూస్తే ఆ భయం లేదు. ఆ పూతనే కళాయి అంటారు.

కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే అవ్వ గిన్నెలు ముందు పెట్టి, దగ్గరే కూర్చునేది. "ఏమప్పా, తగరంలో సీసం కలపలేదు గదా?" అని అడిగేది. తగరం ఖరీదు ఎక్కువ, సీసం చవక. రెండూ కలిపి కరిగిస్తే చూపుకు తేడా తెలియదు. కాని సీసం విషం.

చూశారా! గిన్నె తళతళ మెరిస్తే చాలదు, ఆ మెరుపులో ఏమున్నదో తెలియాలి. ఈనాడు కార్లు చేసేవాళ్ళను ప్రపంచం అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే.

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వైపు పోతే దారిలో పెనుకొండ వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని మార్చుకున్నది ఈ కొండకిందికే. ఆ మండలంలోనే ఎర్రమంచి అనే వూరు వుంది. కియా కంపెనీవారు 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, అక్కడ కార్ల ఫ్యాక్టరీ కట్టారు. 2019లో కార్లు తయారై రావటం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా మొదట దాన్ని కట్టారు. అక్కడి కార్లు మన దేశంలో తిరుగుతాయి, ఓడలెక్కి పరదేశాలకూ పోతాయి.

వొక్క కారులో మేకులూ, మరలూ లెక్కబెడితే సుమారు 30 వేల భాగాలుంటాయి. అన్నీ వొక్కచోట తయారు కావు. దీపం వొకరు చేస్తారు, సీటు మరొకరు చేస్తారు. సీటు చేసేవాడు గుడ్డను వొకచోట, బోల్టును ఇంకొకచోట కొంటాడు. బోల్టు చేసినవాడు దానికి పూత వేయించటానికి మరో షెడ్డుకు పంపుతాడు. ఇన్ని చేతులు మారిన బోల్టులో ఏమున్నదో కారు చేసేవాడికి ఎలా తెలుస్తుంది?

అడిగితేనే తెలుస్తుంది. కాని అందరూ అడిగేలా చేయటానికి చట్టం కావలసివచ్చింది. 2000 సంవత్సరంలో ఐరోపా సమాఖ్య అలాంటి చట్టం చేసింది. 2003 జూలై 1 తరువాత అమ్మే కార్లలో నాలుగు పదార్థాలు వుండరాదన్నది. అవి సీసం, పాదరసం, కాడ్మియం, ఆరు సంయోజకత గల క్రోమియం. తప్పనిసరి అయిన కొన్ని చోట్లకు మాత్రం మినహాయింపులు ఇచ్చింది.

ఈ నాలుగింటికీ కారులో ఏం పని? చక్రం వణకకుండా అంచుకు తగిలించే చిన్న బరువులు సీసంతో చేసేవారు. వెనక తలుపు ఎత్తగానే దీపం వెలగటానికి పాదరసం స్విచ్చి పెట్టేవారు. తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేసేవారు. బోల్టులకు పసుపు వన్నె పూత వేసేవారు, అందులో ఆరు సంయోజకత క్రోమియం వుండేది. అన్నీ పనికివచ్చేవే! కాని కారు ముసలిదై, దాన్ని నుజ్జుచేసి కరిగించిన రోజున ఇవి గాలిలోకీ, నేలలోకీ, నీటిలోకీ చేరుతాయి. కారు కొన్నవాడి అవసరం పదిహేను, ఇరవై ఏళ్ళలో తీరిపోతుంది. సీసం మాత్రం మట్టిలో అలాగే వుండిపోతుంది.

ఎంత వుంటే తప్పు? సీసమూ, పాదరసమూ, ఆ క్రోమియమూ నూటికి 0.1 వంతు మించరాదు. అనగా కిలోకు వొక గ్రాము. కాడ్మియం ఐతే అందులో పదో వంతే.

ఇక్కడ వొక చిక్కు వుంది. లెక్కల్లో గట్టివాళ్ళు ఆలోచించండి. కారు బరువు 1,300 కిలోలు అనుకుందాం. కిలోకు గ్రాము చొప్పున మొత్తం కారులో 1,300 గ్రాముల సీసం దాచవచ్చునన్నమాట! అది చిన్న మోతాదా? అందుకే చట్టం కారును మొత్తంగా తూయదు.

మరి ఎలా తూస్తుంది? రైలు ధర్మవరం చేరింది గనుక పట్టుచీర సాయం తీసుకుందాం. చీర అంచులో జరీ వుంటుంది. అసలైన జరీలో నడుమ పట్టుదారం, దాని చుట్టూ వెండి తీగ, వెండి పైన బంగారు పూత. చీరలో బంగారమెంత అంటే దాదాపు లేదనిపిస్తుంది. అంచును మాత్రమే చూసినా కొద్దిగానే వుంటుంది. ఆ పై పూతను మాత్రమే గీకి చూస్తే అంతా బంగారమే! చట్టం చెప్పేదీ అదే. ఇక విడదీయటానికి వీలులేని పొరదాకా పోయి, ఆ పొరలో నూటికి ఎంత అని చూడాలి. బోల్టు ఉక్కు వేరు, దాని పూత వేరు, పైన రంగు వేరు.

ఈ లెక్కలు రాసి పెట్టుకోవటానికి ప్రపంచంలోని కార్ల కంపెనీలు 2000 సంవత్సరంలో వొక పద్ధతి మొదలుపెట్టాయి. భాగం చేసే ప్రతివాడూ తన వస్తువు దేనితో ఎంతెంత తయారైందో కంప్యూటరులో రాసి, తన దగ్గర కొనేవాడికి పంపాలి. కింది నుంచి పైకి అందరి లెక్కలూ చేరితే అదే కారు జాతకం. కింద వొక్కడు అబద్ధం రాస్తే పైనున్న జాతకమంతా అబద్ధమే.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి వొకతె కారు భాగాలు చేసే వొక కంపెనీలో ఈ పనే చేస్తున్నది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తన అనుభవం చెప్పింది. వొక వాషరు తాలూకు కాగితం వచ్చిందట. అంకెలన్నీ చట్టప్రకారం సరిగ్గా వున్నాయి. ఐతే అవే అంకెలు, అదే తేదీ, వేరొక భాగం కాగితంలో కూడా వున్నాయి. అంటే చూసి రాసినదన్నమాట!

"బయట లారీ నిలబడి వుంది, సార్. సంతకం పెట్టమ్మా, ఇంత చిన్న వాషరుకు ఎవరడుగుతారు అన్నారు. నేను పెట్టలేదు," అన్నది.

వాషరును పరీక్షకు పంపారు. ఎక్స్‌రే యంత్రం అందులో క్రోమియం వున్నదని మాత్రం చెప్పింది. అది మంచిదో చెడ్డదో ఆ యంత్రం చెప్పలేదు. మీ ఇంటి స్టీలు గ్లాసులోనూ క్రోమియం వుంది, అది మనకు హాని చేయదు. అందుకని వాషరును నీళ్ళలో మరిగించి, ఆ నీటిలో ఆమ్లమూ, డైఫెనైల్ కార్బజైడ్ అనే మందూ కలిపారు. నీరు ఊదారంగుకు తిరిగింది. ఆరు సంయోజకత క్రోమియం పట్టుబడింది! ఆ సరుకంతా వెనక్కు పోయింది.

"నీకు భయం వెయ్యలేదా అమ్మా?" అన్నాను.

"వేసింది సార్. కాని సంతకం కింద నా పేరు వుంటుంది గదా!" అన్నది.

పిల్లలూ, ఆమె మాట విన్నాక నా తప్పు వొకటి మీకు చెప్పాలనిపించింది. నేను కొత్తగా సైన్సు టీచరుగా చేరిన రోజుల్లో, పాదరసం ఎంత వింత లోహమో చూపాలని, సీసా మూత తీసి పిల్లల అరచేతుల్లో పోశాను. వెండి ముత్యాల్లాగా దొర్లుతుంటే వాళ్ళు కేరింతలు కొట్టారు. కొంత జారి, నేలమీది బండల సందుల్లోకి పోయింది. దాన్ని అలాగే వదిలేశాము. ఆ ఏడాదంతా ఆ గదిలోనే పాఠాలు చెప్పాను. పాదరసం మామూలు వేడికే ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి వాసన లేదు, పీల్చితే నరాలకు చేటు. ఇదంతా నేను చదివినవాణ్ణే! సీసా మీది కాగితం ఎప్పుడో చినిగిపోయింది, నేనూ తలచుకోలేదు. ఆ విద్యార్థులు కనిపిస్తే ఈనాటికీ ఆ పాఠాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ బండల సందులు గుర్తుకువస్తాయి.

మన దేశంలోనూ మంచి మార్పులు వచ్చాయి. పెట్రోలులో సీసం కలపటం 2000లో మానేశారు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి, శుద్ధిచేయించే బాధ్యత వాటిని తయారుచేసినవారిదే. 2025 ఏప్రిల్ 1 నుంచి జీవితం ముగిసిన వాహనాలకు కూడా అలాంటి నిబంధనలే అమలులోకి వచ్చాయి. పాత బండిని ఎక్కడపడితే అక్కడ విరగ్గొట్టరాదు. రిజిస్టరైన కేంద్రంలో నూనెలు తీసి, బ్యాటరీ తీసి, ఆ తరువాతే తుక్కు చేయాలి.

ఈ నెల మీకు వొక పని. మీ ఇంట్లో ఇన్వర్టరుకో, మోటారు సైకిలుకో బ్యాటరీ వుంటే, పెద్దలను పక్కన పెట్టుకుని, ముట్టకుండా చూడండి. కొట్టివేసిన చెత్తకుండీ బొమ్మా, దానికింద పీ, బీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలూ కనిపిస్తాయేమో వెతకండి. అది సీసానికి గుర్తు. దీన్ని చెత్తలో వేయవద్దని దాని అర్థం. బ్యాటరీలో సీసాన్ని చట్టం వొప్పుకున్నది. తిరిగి వెనక్కు ఇస్తారనే నమ్మకంతోనే వొప్పుకున్నది.

తల్లిదండ్రులకు వొక మనవి. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టి సీసం కరిగించేవారికి ఇవ్వకండి. ఆ పొగలో ఆడుకునే పిల్లలు వుంటారు. పెద్దల ఒంటికన్నా పిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. కొత్తది కొన్న అంగట్లోనే పాతది ఇచ్చి, రసీదు తీసుకోండి.

మా అవ్వకు చట్టమూ తెలియదు, రసాయన శాస్త్రమూ తెలియదు. ఐనా అడగవలసిన ప్రశ్న ఆమెకు తెలుసు. మీరూ అడగటం నేర్చుకోండి. రేపు మిమ్మల్ని ఎవరైనా అడిగితే, వున్నది వున్నట్టు చెప్పటం అంతకన్నా ముందు నేర్చుకోండి.